గంటకెంతండీ?

పోయిన శనివారం మా ఇంటికి భోజనానికొచ్చిన మిత్రుల్లో ఒకాయన చెయ్యి కడుక్కోవడానికని లేచి, బాత్రూమ్ అనుకుని గరాజ్ తలుపు తీశాడు. అంతే. గుత్తొంకాయ కూర, గ్రీన్‌కార్డు క్యూ, క్రికెట్టూ అన్నీ పక్కకెళ్ళిపోయాయి. మిగతా సాయంత్రమంతా మా గరాజ్‌లో ఉన్న భోషాణం మీదే చర్చ.

"ఏవిటండీ ఇది?"

"ఆర్గన్. హామండ్ ఎమ్-3. 1958 నాటిది."

"ఎంతకి కొన్నారు?"

"కొనలేదు. మోసుకుపోతే చాలన్నారు, తెచ్చుకున్నాను."

"పనిచేస్తుందా మరి?"

"ఇప్పుడు చేస్తోంది. నాలుగు నెలలు పట్టింది."

ఆయన ప్రాజెక్ట్ మేనేజరు. ఎదురుగా ఏ సంఖ్య కనబడినా ఇంకో సంఖ్యతో గుణించకుండా ఉండలేడు. "నాలుగు నెలలంటే పదహారు వారాంతాలు. రోజుకి మూడు గంటలు వేసుకున్నా తొంభై ఆరు గంటలు. మీరు గంటకెంతకి బిల్ చేస్తారు?" నేను చెప్పలేదు. మా ఆవిడ చెప్పేసింది. "అంటే ఈ చెక్కపెట్టె మీద మీరొక కారు తగలేశారన్నమాట! మూడొందలు పారేస్తే కీబోర్డొస్తుంది బ్రదర్. అందులో ఆర్గన్ సౌండు కూడా ఉంటుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళని సాగనంపి గిన్నెలు కడుగుతుంటే నవ్వు పోయి ఒళ్ళు మండడం మొదలైంది. ఆ మంట ఇంకా చల్లారలేదు కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందు ఆ గంటల లెక్క సంగతి చూద్దాం. ఆ తొంభై ఆరు గంటలూ నేను గరాజ్‌లో కూర్చోకపోతే ఎవడైనా నాకు డబ్బులిచ్చేవాడా? ఆదివారం పొద్దున్న ఏ క్లయింటు ఫోన్ చేసి "నాయనా, మూడు గంటలు పనిచేసి పెట్టు" అంటాడు? ఆ లెక్కేసిన పెద్దమనిషే ఆదివారాలు ఆరేసి గంటలు సోఫాలో పడుకుని ఫుట్‌బాల్ చూస్తాడు. గంటకెంత? ఇంకొకాయన గోల్ఫ్ నేర్చుకుంటున్నాడు. బంతి ఇంతవరకూ గుంటలో పడ్డ దాఖలా లేదు. గంటకెంత? అడగం. అడిగితే మర్యాద కాదు. మనిషన్నాక కాలక్షేపం ఉండాలంటాం. పాడైపోయిన వస్తువు ముందు స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నవాణ్ణి మాత్రం తీరిగ్గా అడుగుతాం.

ఎందుకంటే మన దృష్టిలో అది కాలక్షేపం కాదు, పని. అదీ మనలాంటి వాళ్ళు చేసే పని కాదు. చేతికి మసి అంటుతుంది. గోల్ఫ్ ఆడితే హోదా పెరుగుతుంది, సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే తగ్గుతుంది. ఈ రోగం అమెరికాలో అంటుకున్నది కాదు, మనతో పాటు సూట్‌కేసులో వచ్చింది. నేను ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు చదివే రోజుల్లో సెలవలకి తెనాలి వెళ్ళి మా ఇంట్లో మూలనపడ్డ రేడియో విప్పితే మా మావయ్య అన్నమాట ఇంకా గుర్తుంది: "లక్షలు పోసి చదివిస్తుంటే రేడియో రిపేరు చేస్తావురా వెధవా?" నేను మూసేశాను. ఆ తర్వాత వైటూకే పుణ్యమా అని 1998లో విమానమెక్కాను. ఇరవయ్యేళ్ళకి పైగా సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోలేదు. ఎలక్ట్రానిక్స్ డిగ్రీ ఉన్నవాణ్ణి!

మా వీధి చివర ఒక రేడియో షాపుండేది. ఆయన్ని మేం రేడియో బాబాయ్ అనేవాళ్ళం. పదో తరగతి కూడా పూర్తిచెయ్యలేదు. కెపాసిటర్‌ని కండెన్సర్ అనేవాడు. ఆయన బల్ల కింద సర్క్యూట్ బొమ్మల పుస్తకాలు దొంతరగా ఉండేవి, అట్టలు ఊడిపోయి, నూనె మరకలతో. రేడియో తెస్తే ముందు వెనక అట్ట విప్పి ఊరికే చూసేవాడు. తర్వాత వాసన చూసేవాడు. ఆ తర్వాతే మీటరు పెట్టేవాడు. కాలేజీలో నాలుగేళ్ళు నాకు పాఠం చెప్పినవాళ్ళెవరూ కాలిన ట్రాన్స్‌ఫార్మర్ వాసన ఎలా ఉంటుందో చెప్పలేదు. పోయిన డిసెంబరులో ఈ ఆర్గన్ వెనక పలక విప్పి, నాకు తెలీకుండానే ముక్కు లోపల పెట్టాను.

ఏముందంటారా లోపల? ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే నా కోపానికి అసలు కారణం ఈ లోపలే ఉంది.

లారెన్స్ హామండ్ అనే ఆయన షికాగోలో కరెంటు గడియారాలు చేసేవాడు. ఆయనకి సంగీతం వాయించడం రాదు. కానీ కరెంటు సరఫరా ఫ్రీక్వెన్సీకి కట్టుబడి ఒకే వేగంతో తిరిగే సింక్రనస్ మోటారు గురించి బాగా తెలుసు. 1934లో పేటెంటు సంపాదించి, 1935లో ఆర్గన్ అమ్మకానికి పెట్టాడు. అందులో పళ్ళున్న చిన్న చిన్న ఉక్కు చక్రాలు తిరుగుతుంటాయి. ప్రతి చక్రం పక్కన ఒక అయస్కాంతం, దాని మీద తీగచుట్ట. పన్ను అయస్కాంతం ముందు నుంచి పోయినప్పుడల్లా చుట్టలో కరెంటు ఒకసారి అల్లాడుతుంది. ఆ అల్లాటే స్వరం. లెక్క చూడండి: 60 హెర్ట్జ్ కరెంటు మీద మోటారు సెకనుకి 20 చుట్లు తిరుగుతుంది. 88 పళ్ళ గేరు 64 పళ్ళ గేరుని తిప్పితే అది 27.5 చుట్లవుతుంది. ఆ ఇరుసు మీద 16 పళ్ళ చక్రం పెడితే సెకనుకి 440. పాశ్చాత్యులు శ్రుతి చేసుకునే "ఎ" స్వరం సరిగ్గా అదే. చిప్పు లేదు, ప్రోగ్రాము లేదు.

ఇదే పెట్టెని తెనాలి తీసుకెళ్ళి 50 హెర్ట్జ్ కరెంటుకి తగిలిస్తే ఏమవుతుందో తెలుసా? పాటంతా కిందకి దిగిపోతుంది, నిష్పత్తి ఆరుకి అయిదు. అంటే ఐదు శ్రుతి నొక్కితే మూడు శ్రుతి పలుకుతుంది. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఆరుకి అయిదంటే సాధారణ గాంధారానికీ షడ్జమానికీ ఉన్న దూరం. ఇది ఎవరికీ పనికొచ్చే విషయం కాదు. నాకు మాత్రం తెలిసిన రోజు రాత్రి నిద్రపట్టలేదు.

సరే, నా ఆర్గన్‌కొచ్చిన జబ్బులు మూడు. మోటారు తిరగదు. తిప్పితే పాటకంటే హమ్మింగు ఎక్కువ. రెండు వరసల కీలలోనూ కొన్ని పలకవు, కొన్ని గరగరమంటాయి.

మోటారు తిరగకపోవడానికి కారణం నూనె ఎండిపోవడం. జనరేటరు మీద చిన్న గరాటాలుంటాయి. వాటిలో ఏడాదికోసారి పలచటి నూనె పొయ్యాలి. అక్కణ్ణించి నూలు దారాలు దీపం వత్తి పీల్చినట్టు నూనెని పీల్చి ఒక్కో బేరింగుకీ చేరవేస్తాయి. ఎనభైకి పైగా చక్రాలు, వాటి ఇరుసులు, వాటన్నిటికీ దారాలు! ఎవరో అమ్మాయో అబ్బాయో షికాగోలో కూర్చుని వాటిని చేత్తో కట్టారు. నేను నూనె పోసి వారం ఆగాను. ఇరుసుని వేళ్ళతో అటూ ఇటూ కదిపాను. మళ్ళీ పోశాను. (తొందరపడి తుప్పు వదిలించే స్ప్రే కొట్టేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. అది ఉన్న జిడ్డుని కరిగించి, ఆరిపోయి, బేరింగులని ఇంకా గట్టిగా బిగించేస్తుంది.) మూడో వారం స్టార్ట్ స్విచ్ ఎనిమిది సెకన్లు నొక్కిపట్టి, వదలకుండా రన్ స్విచ్ వేస్తే, లోపల ఏదో మూలిగి, గిర్రున తిరిగింది. మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది, "ఏవండీ, ఏం పేలింది?" అనుకుంటూ. పేలింది నేను, ఆనందంతో.

హమ్మింగు సంగతి రేడియో బాబాయ్‌కైతే అరనిమిషం: ఫిల్టర్ కండెన్సర్లు పోయాయి. అరవయ్యేళ్ళు దాటిన కండెన్సర్లు పోక ఉంటాయా! మార్చాను, పోయింది.

ఇక పలకని కీలు. ఇది డీబగ్గింగే, మనవాళ్ళకి చేతనైన విద్యే. ఒక్కో కీ కింద వరసగా సన్నటి కాంటాక్టు తీగలుంటాయి. కీ నొక్కితే అవి కిందున్న కడ్డీలకి తగులుతాయి. ఒక చక్రం ఒక కీకి అసలు స్వరం, దాని కిందున్న ఇంకో కీకి పైస్థాయి. అంటే అరువు మీద నడిచే సంసారం. చక్రమే పాడైతే దాన్ని అరువు తెచ్చుకున్న కీలన్నీ నీరసపడతాయి. ఒక్క కీ మాత్రమే నీరసంగా ఉంటే చక్రం మంచిదే, కాంటాక్టు మీద దుమ్ముంది. డ్రాబార్లు ఒక్కోటీ విడిగా లాగి, కీలన్నీ వరసగా నొక్కి, కాగితం మీద గళ్ళు గీసి టిక్కులు పెట్టాను. తేలింది దుమ్ము.

దుమ్ము తుడవాలంటే కీబోర్డంతా విప్పాలేమో అని గుండె జారింది. సర్వీసు మాన్యువల్ తీశాను. సర్క్యూట్ బొమ్మలు, ఏ తీగ ఏ టెర్మినల్‌కెళ్తుందో, అన్నీ ఉన్న పుస్తకం అది. అందులో ఉంది మందు. కీబోర్డు దగ్గర ఒక స్క్రూ ఉంటుంది. అది తిప్పితే కాంటాక్టులు తగిలే కడ్డీలు పొడుగునా వెంట్రుకవాసి జరుగుతాయి. కాంటాక్టులు పాత మురికి చోటు వదిలేసి కొత్త చోట తగులుతాయి. అంతే! తిప్పాను. పలకని కీలలో ఒకటి తప్ప అన్నీ పలికాయి.

ఆ స్క్రూ గురించి ఒక్క క్షణం ఆలోచించండి. దాన్ని అక్కడ పెట్టినవాడికి తెలుసు, తను చేసిన వస్తువు ఏదో ఒకరోజు దుమ్ముకొట్టుకుపోతుందని. ఆ రోజుకి తను ఉండకపోవచ్చనీ తెలుసు. ఎవడో ఒకడు స్క్రూడ్రైవర్ పట్టుకుని వస్తాడని నమ్మాడు. వచ్చేవాడు దొంగ కాదనీ నమ్మాడు. ఆ స్క్రూకి ఖర్చయింది, ఆ ఖర్చు అప్పుడెవరో భరించారు. చక్రాల ఆర్గన్లు తయారుచెయ్యడం 1970ల మధ్యలో ఆపేశారు. అసలు కంపెనీ 1980ల్లో మూతపడి, పేరు జపాన్‌లోని సుజుకీ వాద్యాల కంపెనీ చేతికెళ్ళింది. స్క్రూ మాత్రం ఇంకా తిరుగుతోంది.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. నేనేం పుణ్యాత్ముణ్ణి కాదు.

కొన్నేళ్ళ క్రితం ఇంట్లో వాడే యంత్రాలు చేసే ఒక కంపెనీకి కన్సల్టెంటుగా పనిచేశాను. అక్కడ నేను రాసిన వాటిలో నలభై లైన్ల కోడు ఒకటుంది. మెషీను ఆన్ చెయ్యగానే మెయిన్ బోర్డు డిస్‌ప్లే బోర్డుని "నీ నంబరేంటి?" అని అడుగుతుంది. ఆ నంబరు ఫ్యాక్టరీలో జతచేసింది కాకపోతే ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. బోర్డు శుభ్రంగా పనిచేస్తున్నా సరే, జత కాకపోతే కదలదు. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటులో కారణం అన్నచోట ఒకే ఒక్క మాటుంది: భద్రత. దేని నుంచి ఎవరికి భద్రత అని నేనడగలేదు. గంటకింతని బిల్ చేస్తున్నవాణ్ణి, ఎందుకడుగుతాను? టెస్టులు కూడా చక్కగా రాశాను. రివ్యూలో మెచ్చుకున్నారు.

తర్వాత డిస్కౌంటులో వస్తుంది కదా అని అదే కంపెనీ వాషింగ్ మెషీను కొన్నాను. అయిదో ఏడు డిస్‌ప్లే పోయింది. బాగుచెయ్యడానికొచ్చిన కుర్రాడు కొత్త మెషీను కొనుక్కోమన్నాడు. నేను తెలివిగా ఎవరో పారేసిన మెషీనులోంచి తీసిన బోర్డు ముప్ఫై డాలర్లకి తెచ్చి పెట్టాను. ఆన్ చేస్తే నా ఎర్రర్ నాకే కనబడింది. ఆ సందేశం రాసింది నేనే, అందులో స్పెల్లింగు సరిదిద్దింది కూడా నేనే. మా ఆవిడకి ఈ సంగతి ఇప్పటిదాకా చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

"ఆ కాలం వేరు, ఆ టెక్నాలజీ వేరు. చక్రాలు బాగుచెయ్యొచ్చు, చిప్పులు బాగుచెయ్యలేం కదా" అంటారు. ఇది అబద్ధమని కూడా ఆర్గన్లే చెప్తాయి. 1970ల్లో చక్రాలు పోయి చిప్పులొచ్చాయి. మోస్టెక్ కంపెనీ ఎమ్.కె. 50240 అని ఒక చిప్పు చేసింది. దానికి సెకనుకి సుమారు ఇరవై లక్షల గడియారపు టిక్కులు అందిస్తే, 239 నుంచి 478 దాకా పదమూడు అంకెలతో భాగించి, పై స్థాయిలోని స్వరాలన్నీ ఇస్తుంది. ఉదాహరణకి 284తో భాగించి, వచ్చినదాన్ని నాలుగుసార్లు సగం చేస్తే మళ్ళీ మన 440 దరిదాపులకొస్తుంది. ఆ చిప్పు తయారీ ఎప్పుడో ఆగిపోయింది. అది చచ్చిపోతే ఆర్గన్ మూగబోవాలి. కానీ ఆ పదమూడు అంకెలూ డేటాషీటులో అచ్చేసి ఉన్నాయి. అందుకని ఇవాళ ఔత్సాహికులు చిన్న మైక్రోకంట్రోలర్‌లో అవే భాగహారాలు రాసి పాత చిప్పు స్థానంలో కూర్చోబెడుతున్నారు. పాతదా కొత్తదా అన్నది కాదు తేడా. లోపలేముందో కాగితం మీద పెట్టి ఇచ్చారా, దాచిపెట్టారా అన్నదే.

"మరి ప్రమాదం కాదా?" అని ఇంకో వాదం. ప్రమాదమే. ఈ ఆర్గన్ ట్యూబు ఆంప్లిఫయర్‌లో మూడొందల వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్ పీకేశాక కూడా కండెన్సర్లలో చార్జి నిలవుంటుంది. దాన్ని రెసిస్టరుతో దించి, మీటరుతో చూసుకుని, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని మరీ పనిచెయ్యాలి. తెలియనివాళ్ళు ముట్టుకోకూడదు. కానీ వోల్టుల సంగతి చెప్పి జాగ్రత్త అనడం ఒకటి, ఎర్రర్ చూపించి పొమ్మనడం ఇంకొకటి. నా నలభై లైన్లూ ఎవర్నీ ఏ షాకు నుంచీ కాపాడలేదు. నాకు తెలుసు, నేనే రాశాను కదా.

చట్టాలొస్తున్నాయి. న్యూయార్క్ 2022లో, మినెసొటా, కాలిఫోర్నియా 2023లో, ఒరెగాన్ 2024లో బాగుచేసుకునే హక్కుకి చట్టం చేశాయి. ఒరెగాన్ అయితే నేను రాసినలాంటి జత కట్టే తంతునే చాలామటుకు కట్టడిచేసింది. ఇండియాలో కూడా 2022 డిసెంబరులో కేంద్రం దీనికోసం ఒక పోర్టల్ పెట్టింది. మంచిదే. కానీ చట్టం స్క్రూ పెట్టదు. డిజైను చేసేవాడు పెట్టాలి, కోడు రాసేవాడు పెట్టాలి. ఇవాళ ఆ కోడు రాసేవాళ్ళలో మనవాళ్ళెంతమందో ఏ ఆఫీసు కెఫెటీరియాలో చూసినా తెలుస్తుంది. కోఠీ గుజరాతీ గల్లీలో కండెన్సర్లు ఏరుకుని, చచ్చిన టీవీకి ప్రాణం పోసే కుర్రాణ్ణి చూసి "జుగాడ్" అని ముచ్చటపడతాం, ఫోటో తీసి పంపుకుంటాం. మర్నాడు ఆఫీసుకెళ్ళి ఆ కుర్రాడి చెయ్యి లోపల పెట్టకుండా తాళం రాస్తాం.

అన్నట్టు, ఆ మూడొందల డాలర్ల కీబోర్డులో ఉండే ఆర్గన్ సౌండు దేనికి నకలనుకున్నారు? చాలామటుకు దీనికే. హామండ్ కీ నొక్కగానే టిక్కుమని చిన్న చప్పుడొస్తుంది, కాంటాక్టులన్నీ ఒకేసారి తగలవు కాబట్టి. మొదట్లో దాన్ని లోపమనుకుని తగ్గించడానికి నానా తంటాలూ పడ్డారు. వాయించేవాళ్ళు దాన్నే ఇష్టపడ్డారు. ఇవాళ అనుకరించే యంత్రాల్లో ఆ లోపాన్ని కూడా పనిగట్టుకుని ప్రోగ్రాము చేస్తున్నారు. బుకర్ టి. జోన్స్ 1962లో "గ్రీన్ ఆనియన్స్" వాయించింది ఈ ఎమ్-3 మోడలు మీదే. దాన్ని మోసుకుపోతే చాలని రోడ్డు పక్కన పెట్టేసి, దాని నకలు కొనుక్కోమని నాకు సలహా!

ఖర్చంటారా? నూనె, కండెన్సర్లు, ఒక ట్యూబు, మీటరుకి కొత్త బ్యాటరీ, అన్నీ కలిపి వంద డాలర్ల లోపే. మోయడానికొచ్చిన ముగ్గురు మిత్రులకి బిర్యానీ అదనం.

కింది వరసలో ఒక కీ ఇంకా మొరాయిస్తోంది. స్క్రూ ఇంకో పావు చుట్టు తిప్పి చూడాలి, లేకపోతే ఆ తీగ విరిగిందని అర్థం. ఇదిలా ఉండగా, ఇప్పుడు పనిచేస్తున్న క్లయింటు దగ్గర కూడా డిజైను డాక్యుమెంటులో నిన్న అదే మాట కనబడింది: భద్రత కోసం పార్టులు జతచెయ్యాలట. మంగళవారం రివ్యూ మీటింగు. ఈసారి దేని నుంచి ఎవరికి భద్రత అని అడుగుతాను, ఆ చెక్ తీసెయ్యమని కాగితం మీద రాసి కూడా ఇస్తాను. కాంట్రాక్టు పొడిగించకపోతే, మా మేనేజరు మిత్రుడికి గంటకెంతని అడిగే శ్రమ కూడా తప్పుతుంది.